కారవాన్ మీద విస్తరి

నాది సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగం. బహ్రెయిన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో పద్దెనిమిదేళ్ళుగా అదే పని. పనంటే పెద్దగా ఏమీ లేదు, జనం ఏది చెయ్యబోయినా వద్దనడమే. హెల్మెట్ లేకుండా నిచ్చెనెక్కొద్దు, బెల్టు కట్టుకోకుండా అంచుకి పోవద్దు, బోర్డు చదవకుండా గేటు దాటొద్దు. పొద్దున్నే డ్యూటీ మొదలవకముందు అమ్వాజ్‌లో మా సైటు దగ్గర నలభై మందిని వరసగా నిలబెట్టి పావుగంట ఉపన్యాసం ఇస్తాను. అందులో సగంమంది నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్ళు. నేను చెప్పేది తెలుగులోనే కాబట్టి తప్పించుకునే దారి వాళ్ళకి లేదు. బుద్ధిగా తలలూపి, కాగితం మీద సంతకాలు పెట్టి, నేనటు తిరగ్గానే బెల్టులు విప్పి భుజాన వేసుకుంటారు.

ఇంట్లో కూడా నేను ఇంతే. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా ఫ్లాటు వంటింట్లో, స్టవ్ వెలిగించేటప్పుడు పాటించాల్సిన ఆరు నియమాలు అచ్చు వేయించి గోడకి అంటించాను. వారం తిరక్కుండా మా అమ్మ సరిగ్గా దాని మీదే మేకు కొట్టి తెలుగు పంచాంగం కేలండరు తగిలించింది. అదేమిటమ్మా అంటే, "తిథులు కనపడొద్దూ?" అంది. మా నాన్న పోయాక ఆరేళ్ళ నుంచీ ఆవిడ మా దగ్గరే ఉంటోంది. ఆవిడ మీద నా నియమాలేవీ ఇంతవరకూ పనిచెయ్యలేదు.

ఇక ఈ ఆఫ్రికా ప్రయాణం సంగతి. ఈద్ సెలవులొస్తే ఇక్కడి మన తెలుగువాళ్ళు జార్జియా వెళ్తారు. జార్జియా అయిపోయినవాళ్ళు అజర్‌బైజాన్ వెళ్తారు. రెండూ అయినవాళ్ళు, మంచు బాగా పడలేదని మళ్ళీ జార్జియా వెళ్తారు. అందరూ అదే కొండ ముందు, అవే అద్దె కోట్లు వేసుకుని ఫోటో దిగి వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఒక ఎర్రకోటుని మూడేళ్ళలో నాలుగు కుటుంబాల మీద నేనే గుర్తుపట్టాను. అలాంటి మంద ప్రయాణం నాకు పడదు. మనం వేరు అని నిరూపించుకోవాలన్న దురద నాకు ముందునుంచీ ఉంది. అందుకని బక్రీదు సెలవులకి దక్షిణాఫ్రికాలో కారవాన్ అద్దెకి తీసుకుని, ఒక అభయారణ్యంలో ఆరు రోజులు క్యాంపింగ్ చేద్దామని తేల్చాను. మా ఆవిడ ఇక్కడ స్కూల్లో లెక్కల టీచరు. వివరాలన్నీ శ్రద్ధగా విని, "మధ్యలో వంట ఎవరు చేస్తారు?" అని ఒక్క ప్రశ్న వేసింది. అది అక్కడికెళ్ళాక చూద్దామని ప్రయాణం ఖాయం చేశాను.

కారవాన్ అంటే మా అమ్మకి తెలిసింది ఒక్కటే, షూటింగుల్లో హీరోలు కూచునే ఏసీ బండి. "మనకెందుకురా అది, మొహానికి రంగేసుకుంటామా?" అంది. కాదమ్మా, కారు వెనక కట్టుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు, అందులోనే మంచం, స్టవ్, అన్నీ ఉంటాయి అని చెప్పాను. సైటులో మా జగిత్యాల మేస్త్రీకి సెలవు సంగతి చెప్తే ఇంకా విచిత్రంగా చూశాడు. వాళ్ళకి గల్ఫ్ మొత్తం దుబాయే. "సార్, సెలవొస్తే దుబాయికెళ్ళి అందరు ఊరికి పోతరు. మీరేంది, అడివికి పోతున్నరు?" అన్నాడు. నీకు తెలీదులే అన్నాను.

చిక్కు టికెట్లు తీశాక వచ్చింది. బక్రీదు ముస్లింల చాంద్రమాన నెలలో పదో రోజు. మా నాన్న పోయింది జ్యేష్ఠ శుద్ధ త్రయోదశి. ఇద్దరికీ లెక్క చంద్రుడితోనే గనక, ఈ మధ్య పండగైన మూడో రోజుకల్లా మా నాన్న వచ్చేస్తున్నాడు. ఇది నాకు గుర్తుండాల్సిన సంగతి. గుర్తుచేసింది మాత్రం మా ఆవిడ.

మా ఇళ్ళల్లో హోమాలూ మంత్రాలూ లేవు, పెద్దలకి పెట్టుకోవడమే. పోయినాయనకి ఇష్టమైనవి వండి, విస్తరిలో వడ్డించి, ఆరుబయట పెడతాం. కాకి వచ్చి ముడితే ఆయన తిన్నట్టు. ముట్టేదాకా మా అమ్మ పచ్చి మంచినీళ్ళు కూడా తాగదు. అసలే షుగరు మనిషి. బహ్రెయిన్‌లో అయితే ఇబ్బంది లేదు, మా మేడ మీద పెట్టి వెనక్కి తిరిగేలోపు నాలుగు కాకులు దిగుతాయి. ఇప్పుడు అమ్మకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు నసిగాను. ఆవిడ ఒకటే అడిగింది. "ఆఫ్రికాలో కాకులుంటాయా?" ఉంటాయమ్మా, కాకి లేని దేశముందా అన్నాను. "అయితే పద. ఆయన ఎక్కడికైనా వస్తాడు" అంది.

ముహర్రక్ ఎయిర్‌పోర్టులో మా సామాను చూస్తే, అడవిలో హోటల్ పెట్టబోతున్నామేమో అనుకోవాలి. మినప్పప్పు, చిన్న మిక్సీ, మూకుడు, అప్పడాలు, రెండు రకాల పచ్చళ్ళు. మా అమ్మ ఆరు ఎండు విస్తరాకులు చీర మడతల్లో పెట్టిందని నాకు అక్కడికి వెళ్ళేదాకా తెలీదు.

బహ్రెయిన్‌లో మాడిపోయే ఎండల్లోంచి వెళ్ళి, అక్కడి చలికాలంలో దిగాం. కారవాన్ కట్టిన కారుని ముందుకి నడపడం తేలికే. వెనక్కి నడపాలంటే మాత్రం స్టీరింగ్ ఒకవైపు తిప్పితే బండి రెండోవైపు పోతుంది. క్యాంపులో మాకిచ్చిన చోట కారవాన్ నిలబెట్టడానికి అరగంట తిప్పలు పడ్డాను. పక్క టెంట్లో ఉన్న ముసలి దంపతులు కాసేపు చూసి, ఇక చూడలేక లేచొచ్చారు. పెద్దాయన నన్ను పక్కన కూచోబెట్టి రెండు నిమిషాల్లో బండిని చెట్టు కింద పెట్టేశాడు. వాళ్ళది ఆ దేశమే. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి చలికాలం అక్కడికే వస్తున్నారట.

అంతకుముందే, అభయారణ్యం గేటు దగ్గర రేంజరు మాచేత కాగితం మీద సంతకం పెట్టించాడు. అచ్చం నా పద్ధతే, కాకపోతే నలభై మందికి బదులు ముగ్గురం. ఆయన చెప్పినవాటిలో ఒకటి మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఈ క్యాంపు చుట్టూ బబూన్లు, అంటే కుక్కమూతి పెద్ద కోతుల గుంపు ఒకటి ఉంది. ఇంతవరకూ వాటికి మనుషుల తిండి అలవాటు లేదు. ఒక్కసారి ఒకదానికి అలవాటైతే అది తిండికోసం టెంట్లు చింపుతుంది, కార్ల అద్దాలు పీకుతుంది, అడ్డమొస్తే కరుస్తుంది. అప్పుడిక మేం దాన్ని కాల్చెయ్యాల్సిందే. "తిండి పెట్టేది మీరు, చచ్చేది అది" అన్నాడు. నేను వృత్తిపరంగా ఎంతో మెచ్చుకున్నాను. ఇంత చక్కగా నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ మెప్పుతో ఆగితే నేనెందుకవుతాను? ఆ సాయంత్రం పక్క టెంటు ముసలావిడ బ్రెడ్డు డబ్బా బయట బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. చూసి ఊరుకోలేకపోయాను. తగుదునమ్మా అని వెళ్ళి, తిండి సామాను కారులో పెట్టి తాళం వెయ్యాలనీ, మీ ఒక్కరి అజాగ్రత్తకి ఒక మూగజీవి ప్రాణం పోతుందనీ, ఆ ముప్ఫై ఏళ్ళ అనుభవజ్ఞులకి పావుగంట చెప్పాను. పెద్దాయన విన్నాడు. థాంక్యూ అని డబ్బా లోపల పెట్టుకున్నాడు. మా ఆవిడ కారవాన్ మెట్ల మీద కూచుని, తలెత్తకుండా, "చెప్పేవి శ్రీరంగ నీతులు" అంది. అప్పటికి ఆ సామెత రెండో సగం నేనింకా చెయ్యలేదు గనక పట్టించుకోలేదు.

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. మా అమ్మకి ఏనుగులు నచ్చాయి, చూసినప్పుడల్లా దణ్ణం పెట్టింది. సింహం దగ్గర రెండు గంటలు కారాపుకుని కూచున్నాం. అది పడుకుంది. మధ్యలో ఒకసారి పక్కకి తిరిగి పడుకుంది. "దీనికోసమా ఇంత దూరం? మీ నాన్న ఆదివారం ఇలాగే ఉండేవాడు" అంది మా అమ్మ.

మూడో రోజు త్రయోదశి. మా అమ్మ పొద్దున్నే చన్నీళ్ళ స్నానం చేసి, వణుకుతూనే వంటకి దిగింది. కారవాన్‌లో వంట అంటే మంచం మీద కూచుని మూకుడులో గారె వెయ్యొచ్చు, అంత వెడల్పు. నాలుగో గారెకి పొగ అలారం మోగింది. క్యాంపంతా లేచేలా ఉంది. నేనేం చేశానో రాస్తే నా ఉద్యోగం ఉండకపోవచ్చు గానీ, రాస్తాను. మా ఆవిడ స్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తీసి ఆ అలారానికి తొడిగాను. ఇదే పని మా సైటు క్యాంపులో చేశారని రెండేళ్ళ కింద ముగ్గురికి మెమో ఇచ్చినవాణ్ణి నేను.

గారెలు, ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, పాయసం. అన్నీ అయ్యాక మా అమ్మ, "ఎక్కడ పెడదాం?" అంది.

అప్పుడు చెప్పాను. ఇక్కడ జంతువులకి తిండి పెట్టకూడదమ్మా, రూలు. ఆవిడ నావైపు చూసింది. "జంతువులకెవరు పెడుతున్నార్రా? మీ నాన్నకి" అంది. నేను వాదించాను. ఆవిడ వాదించలేదు, మెట్టు మీద కూచుంది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. మాత్ర వేసుకోలేదు, నీళ్ళు ముట్టలేదు. తొమ్మిదిన్నరకి చేతులు సన్నగా వణకడం మొదలుపెట్టాయి. "ఆయనకి పెట్టకుండా నేను తింటే ఇంక నేనెందుకు?" అంది, ఏడవకుండానే. నాకు భయమేసింది. నిజంగా భయమేసింది.

భయమేసినప్పుడు తెలివి భలే పనిచేస్తుంది. క్యాంపు బోర్డు దగ్గరికి వెళ్ళి మళ్ళీ చదివాను. జంతువులకు ఆహారం పెట్టరాదు. బొమ్మల్లో బబూను ఉంది, హైనా ఉంది, ఏనుగు ఉంది. కాకి బొమ్మ లేదు. కాకి పక్షి. కారవాన్ కప్పు మీద, కాకికి, ఒక్క ముద్ద పెడితే అది రూలు తప్పినట్టు కాదు. పద్దెనిమిదేళ్ళుగా నాతో వాదించి ఓడిపోయిన మేస్త్రీలందరూ సరిగ్గా ఇలాగే వాదించారు. వాళ్ళని నేను ఎంత వెటకారం చేశానో ఆ క్షణంలో ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఒక్క ముద్దే" అన్నాను. మా అమ్మ విస్తరి నిండా వడ్డించుకొచ్చింది. "మనిషికి పెట్టేటప్పుడు ముద్ద పెడతారా?" అంది. పప్పెందుకమ్మా, నాన్నకి పడదుగా అంటే, "పప్పు లేకుండా విస్తరేమిటి?" అంది. మా నాన్న బతికినన్నాళ్ళూ ఈ పప్పు మీద వాళ్ళిద్దరికీ రోజూ తగువే. పోయాక కూడా ఆవిడ తగ్గలేదు. నేను నిచ్చెనెక్కి, హెల్మెట్ లేకుండా, విస్తరిని కారవాన్ కప్పు మీద పెట్టాను.

కాకి రాలేదు. కంచె మీద ఒకటి కనపడింది గానీ దాని రొమ్మంతా తెలుపు. "బనీను వేసుకున్నట్టుందే, ఇది కాకేనా?" అని మా అమ్మ అనుమానపడేలోపు అది వెళ్ళిపోయింది. తర్వాత పొడుగు ముక్కు పక్షి ఒకటి వాలింది. "మీ నాన్నకి అంత ముక్కు లేదు" అని ఆవిడే తోలేసింది.

అప్పుడొచ్చాడు. పెద్ద మగ బబూను, మూతి దగ్గర నెరిసి ఉంది. చెట్టు మీంచి కారవాన్ కప్పు మీదికి ఏ హడావుడీ లేకుండా దిగి, విస్తరి ముందు కూచున్నాడు. నేను కేక వెయ్యాలి. గిన్నె మీద గరిటెతో కొట్టాలి. గేటు దగ్గర ఇదంతా నేర్పారు. చెయ్యి లేవలేదు. ఎందుకంటే ఆయన గారె తీసుకుని, చిల్లు దగ్గర రెండుగా విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు నోట్లో వేసుకున్నాడు. మా నాన్న గారె తినే పద్ధతి అదే. నలభై ఏళ్ళు చూశాను. తర్వాత వేపుడు తిన్నాడు. వేలితో పాయసం నాకాడు. ఇంకో రెండు గారెలు తిన్నాడు. పప్పుని చేత్తో పక్కకి నెట్టి, లేచి వెళ్ళిపోయాడు.

"పప్పు ముట్టలేదు, చూశావా" అంది మా అమ్మ. రెండు చేతులూ జోడించి ఉంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "కాకి కోసం కూచున్నాను గానీ, ఆయనే వస్తాడని అనుకోలేదురా." మాత్ర వేసుకుంది, నాలుగు గారెలు తింది. నాన్న పోయాక ఆవిడ అంత తృప్తిగా తినడం నేను చూడలేదు. నాకూ ఆనందంగానే ఉంది. కప్పు శుభ్రంగా తుడిచి, విస్తరిని మడిచి చెత్తబుట్టలో అడుక్కి తోశాను.

మర్నాడు పొద్దున అదే వేళకి ఆయన మళ్ళీ వచ్చాడు. మా కప్పు మీద కూచుని కాసేపు చూశాడు. ఏమీ లేకపోయేసరికి కిందికి దిగి పక్క టెంటుకి వెళ్ళాడు. ముసలావిడ టీ పోసుకుంటోంది. బ్రెడ్డు లాక్కోబోతే ఆవిడ వదల్లేదు. ముంజేతి మీద మూడు గోళ్ళ గీతలు పడ్డాయి, రక్తం కారింది. పెద్దాయన కర్ర తీసుకుని పరిగెత్తబోయి పడ్డాడు. తా చెడ్డ కోతి వనమంతా చెరిచిందంటారు. చెడింది కోతి కాదని ఆ క్యాంపులో ముగ్గురికి తెలుసు.

అరగంటలో గేటు దగ్గరి రేంజరు వచ్చాడు. ముసలావిడ చేతికి కట్టు కట్టించి, అందర్నీ పిలిచి నిలబెట్టాడు. చాలా మామూలుగా మాట్లాడాడు. "ఇది మనిషి తిండి రుచి చూసింది. ఎవరైనా నిన్నో మొన్నో ఒక్కసారి పెట్టామని చెప్తే, అలవాటు ఇంకా ముదరలేదని రాస్తాను. అప్పుడు ప్రాణం తియ్యని, రంగు చిమ్మే గుళ్ళు పేల్చి భయపెట్టి, పది రోజులు తరుముతాం, మళ్ళీ ఇటు రాదు. ఎవరూ చెప్పకపోతే, ఇది చాన్నాళ్ళుగా వేరేచోట అలవాటుపడి వచ్చిందనే అనుకోవాలి. మధ్యాహ్నానికి కాల్చేస్తాం. పెట్టినవాళ్ళకి జరిమానా ఉంటుంది, క్యాంపులోంచి పంపేస్తాం, అంతే. దాని ప్రాణం దీని మీద ఉంది."

మా ఆవిడ అత్తగారి చెవిలో అంతా తెలుగులో చెప్పింది. నేను చెప్పొద్దని సైగ చేసినా చెప్పింది.

మా అమ్మ నలుగురి ముందూ ఎప్పుడూ నోరెత్తదు. బహ్రెయిన్‌లో లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే నా వెనక్కి జరుగుతుంది. అలాంటిది, చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని రేంజరు ముందుకి నడిచింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యా, నేనే పెట్టాను. నిన్న మా ఆయన తిథి. ఒక్కసారే పెట్టాను. శిక్షేదో నాకు వెయ్యండి, దాన్ని మాత్రం ఏమీ చెయ్యొద్దు" అంది. అని నావైపు తిరిగి, "చెప్పరా" అంది.

రేంజరు నావైపు చూశాడు. పక్క టెంటు పెద్దాయన చూశాడు. ముసలావిడ, కట్టు కట్టిన చేతిని పట్టుకుని, చూసింది. వచ్చిన రోజు సాయంత్రం నేను బ్రెడ్డు డబ్బా గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చిన మనుషులు వాళ్ళు. జరిమానాకి నేను భయపడలేదు. క్యాంపు ఖాళీ చెయ్యడానికీ భయపడలేదు. ఆ ఇద్దరి ముందు నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలీలేదు, అంతే.

"మా అమ్మ ఏమీ చూడలేదంటోంది. పెద్దావిడ కదా, రక్తం చూసి కంగారుపడింది" అన్నాను ఇంగ్లీషులో.

రేంజరు జాలిగా తలూపి, మా అమ్మ భుజం మీద చెయ్యి వేసి మెల్లగా తట్టి, వెళ్ళిపోయాడు.

"ఒప్పుకున్నాడు" అంది మా అమ్మ. "మంచివాడురా. మారుమాట అన్లేదు, చూడు." మొహం విప్పారింది. వెళ్ళి ముసలావిడ దగ్గర కూచుని, ఆ కట్టు చుట్టూ నిమురుతూ తెలుగులో క్షమాపణ చెప్పింది. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా టీ ఇచ్చింది.

మా ఆవిడకి ఇంగ్లీషు బాగా వచ్చు. కారవాన్ లోపలికొచ్చి గిన్నెలు సర్దుతూ, "మీరు వెళ్ళి చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది. చెప్తాను, వెళ్తాను అన్నాను. వెళ్ళలేదు. ముందు గ్యాసు సిలిండరు కట్టేసి ఉందో లేదో చూశాను. టైర్లలో గాలి చూశాను. ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఒక కాగితం మీద రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాశాను. నిజం చెప్పడానికి ఇంత ముసాయిదా కావాలని నాకు అప్పుడే తెలిసింది. పదకొండున్నరకి మా ఆవిడ చెప్పులు వేసుకుంది. అప్పుడు లేచాను.

రేంజరు ఆఫీసు ఐదు నిమిషాల నడక. నేను సగం దారిలో ఉండగా క్యాంపు వెనక వాగు వైపు నుంచి ఒక్క చప్పుడు వినిపించింది. చెట్ల మీద పిట్టలన్నీ ఒకేసారి లేచాయి.

అక్కడే నిలబడ్డాను. వెనక్కి వెళ్తే మా ఆవిడకి ఏం చెప్పాలో తెలీక ముందుకే నడిచాను. ఆఫీసులో ఆయన లేడు. వచ్చేదాకా కూచున్నాను. వచ్చి, తుపాకీ అల్మారాలో పెట్టి తాళం వేసి, చేతులు కడుక్కున్నాక చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "పొద్దున చెప్పాల్సింది" అన్నాడు. అని ఒక ఫారం ఇచ్చాడు. నేను పూర్తిచేసి సంతకం పెట్టాను. సాయంత్రంలోపు క్యాంపు ఖాళీ చెయ్యమన్నాడు. లేచేటప్పుడు, "మీ అమ్మగారికి చెప్పకండి, ఆవిడ పొద్దున్నే చాలా భయపడ్డారు" అన్నాడు. ఆ మంచితనం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

తిరిగొచ్చేసరికి మా అమ్మ చెట్టు కింద కుర్చీ వేసుకుని కూచుని ఉంది. ఆ చప్పుడేమిట్రా అంది. ఏదో బండి టైరు పేలిందమ్మా అన్నాను. మా ఆవిడ నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది. కొళాయి విప్పిన శబ్దం చాలాసేపు వినిపించింది. బహ్రెయిన్ చేరేదాకా నాతో ఆవిడ అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

ఇక్కడికొచ్చాక కొన్నాళ్ళు నాకు ఉపన్యాసం సాగలేదు. పొద్దున్నే నలభై మంది ముందు నిలబడి రెండు నిమిషాల్లో ఖలాస్ అనేసేవాణ్ణి. మేస్త్రీ ఒంట్లో బాగాలేదా సార్ అని అడిగాడు. తర్వాత అదీ అలవాటైపోయింది. ఇప్పుడు మళ్ళీ పావుగంట ఇస్తున్నాను.

మా అమ్మ మాత్రం మారిపోయింది. లిఫ్టులో కనపడినవాళ్ళందరికీ ఆ కథ చెప్తుంది. కొండముచ్చు రూపంలో ఆయన రావడం, గారె విరవడం, పప్పు నెట్టెయ్యడం. తుపాకీవాడు తన మాట విని దాన్ని వదిలెయ్యడం. చెప్పేటప్పుడు నన్ను సాక్ష్యానికి పిలుస్తుంది. అవునమ్మా అంటాను.

మళ్ళీ బక్రీదు వస్తోంది. నెలరోజుల నుంచీ ఆవిడ మళ్ళీ ఆ అడవికి మినప్పప్పు ఎంత పట్టుకెళ్ళాలో లెక్కలేస్తోంది. ఈసారి పప్పు వండదట, పోనీ ఆయన మాటే నెగ్గనీ అంటోంది. నిజం చెప్పెయ్యమని మా ఆవిడ రెండుసార్లు అంది. నిన్న సాయంత్రం చెబుదామనే అమ్మ పక్కన కూచున్నాను. నోరు తెరిచాను. ఈ ఏడు సెలవు దొరకలేదమ్మా, ఇక్కడే మేడ మీద పెట్టుకుందాం అన్నాను.

ఆవిడ మినప్పప్పు డబ్బా మూత పెట్టేసింది. తర్వాత, "ఇక్కడ పెడితే ఆయనకెలా అందుతుందిరా, ఆయన అక్కడుంటే?" అంది. "ఆ తుపాకీ అబ్బాయికి ఒక ఫోన్ చెయ్యి. ఈ ఏడు మేం రావట్లేదని ఆయనకి ఎలాగోలా చెప్పమను. లేకపోతే పాపం, ఆ కప్పు మీదే కాసుక్కూచుంటాడు."